రవ్వ కనిపిస్తుంది, వామి కనిపించదు: గొడవల వేళ వార్త ఏం చేస్తుంది?

క్లుప్తంగా: గొడవలను పెంచడంలోనూ చల్లార్చడంలోనూ వార్తకు పెద్ద పాత్రే ఉంది. అయితే ఆ పాత్ర సంపాదకీయంలో రాసే శాంతి వచనాల్లో కన్నా జిల్లా పేజీలో దొర్లే మామూలు మాటల్లో ఎక్కువ. తక్షణ కారణాన్ని చెప్పి పాత కారణాన్ని వదిలేయడం, కొట్టినవారినీ దెబ్బలు తిన్నవారినీ ఒకే గాటన కట్టడం, మంట ఆరగానే ఊరిని మరిచిపోవడం అనే మూడు అలవాట్లు ఎలా పుడతాయో గుంటూరు, విజయవాడ ప్రాంతాల అనుభవంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

డ్యామ్ మీద ఒక రాత్రి

2023 నవంబర్ 29 అర్ధరాత్రి దాటాక ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వెళ్లారు. 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకుని మధ్యలో ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. తెల్లవారితే తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డ ఆ టెన్షన్‌కు చివరికి కేంద్ర హోంశాఖ తెర దించింది. డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించి, నవంబర్ 28 నాటి స్థితికి రెండు ప్రభుత్వాలనూ ఒప్పించింది.

ఆ రెండు రోజులూ ఒకే సంఘటనకు రెండు పేర్లు వినిపించాయి. కృష్ణకు ఇటు అది హక్కు, అటు ఆక్రమణ. నరసరావుపేటలో టీవీ ముందు కూర్చున్నవారికీ, మిర్యాలగూడలో కూర్చున్నవారికీ కనిపించిన కంచె ఒకటే. అర్థం మాత్రం వేరు. ఇద్దరికీ కావలసింది మూడో విషయం: అసలు ఎవరి వాటా ఎంత?

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చినవి 811 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). విభజన తర్వాత 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం అందులో 512 ఆంధ్రప్రదేశ్‌వి, 299 తెలంగాణవి. శ్రీశైలం నిర్వహణ ఆంధ్రప్రదేశ్ చేతిలో, సాగర్ నిర్వహణ తెలంగాణ చేతిలో ఉన్నాయి. ఈ పంపకం తమకు అన్యాయమని తెలంగాణ వాదిస్తూ వచ్చింది. సాగర్ ఘటనకు రెండు నెలల ముందే, ఈ వాటాల సంగతి తేల్చమని కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇచ్చింది. ఆ రాత్రి డ్యామ్ మీద నిలబడింది పోలీసులే అయినా, వారి వెనక ఉన్నది తేలని ఈ లెక్క.

గుంటూరు వైపు పేపర్లలో జిల్లా పేజీ మూలన వానాకాలమంతా ఒక చిన్న బాక్సు కనిపిస్తుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, ప్రస్తుతం ఇంత, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు), అవుట్‌ఫ్లో ఇన్ని. 11,574 క్యూసెక్కుల చొప్పున 24 గంటలు వదిలితే ఒక టీఎంసీ. ఈ లెక్క తెలిసిన రైతు తన కాలువకు ఎన్ని నీళ్లు వచ్చాయో తానే కట్టుకుంటాడు. ‘మన నీళ్లన్నీ వాళ్లే తోడేస్తున్నారు’ అని మైకులో ఎవరైనా అరిచినప్పుడు ఆ మాటను సరిచూసుకునే ఆధారం అతని చేతిలో ఉంటుంది. శాంతి అనే మాటే లేని ఆ బాక్సు చేసే మేలు పెద్ద పెద్ద సంపాదకీయాలు కూడా చేయలేవు. ఎడమ కాలువ, కుడి కాలువ లెక్కలు పక్కపక్కన ఇస్తే మేలు ఇంకా ఎక్కువ.

కోడిపందెం వల్లే యుద్ధమా?

పల్నాటి యుద్ధం ఎందుకు జరిగిందని అడిగితే ఈ ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా కోడిపందెం అంటారు. కథలో మాత్రం పందేనికి ముందే ఉంది అన్నదమ్ముల రాజ్యభాగం తగాదా. నలగామరాజు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో. పందెం ఓడిన మలిదేవుడి వర్గానికి ఏడేళ్ల వలస. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపేశారు. యుద్ధం ఆ తర్వాతే వచ్చింది. మాట్లాడటానికి వెళ్లిన మనిషిని చంపడం జనం నోట వెనకబడింది, కోళ్లు ముందుకొచ్చాయి.

ఎనిమిది వందల ఏళ్ల తర్వాత వార్తలు కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. ‘చెరువు దగ్గర గొడవ’తో మొదలైందని చెబుతారు. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలను కడిగి నీళ్లు పాడు చేస్తుంటే దళితులు అడ్డుచెప్పిన మాట నిజమే. తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ‘సినిమా హాలులో కాలు తగిలిన గొడవ’ అంటారు. అదీ నిజమే.

నిజమే గానీ, అది రవ్వ మాత్రమే. రవ్వ రోజూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటుంది. పక్కన ఎండిన వామి ఉన్నచోటే ఊరు తగలబడుతుంది. భూమి ఎవరిది, కూలి ఎవరు నిర్ణయిస్తారు, చదువుకున్న దళిత కుర్రాడు హాలులో పక్క సీటులో కూర్చోవడం ఎవరికి కంటగింపు అన్నవి ఆ వామిలోని గడ్డి. అవి లేకుండా రాస్తే, కాలు తగిలినందుకు ఎనిమిది ప్రాణాలు పోయాయన్న వింత వార్త మిగులుతుంది.

చుండూరులో ఇంకొక సంగతి ఉంది, పాత్రికేయం దృష్టితో చూస్తే అన్నిటికన్నా ముఖ్యమైనది. హాలు గొడవ జూలై మొదట్లో, హత్యలు ఆగస్టు 6న. మధ్యలో నెల రోజులు. ఆ నెలంతా సాంఘిక బహిష్కరణ నడిచింది. దళితులను పనికి పిలవలేదు. ఊళ్లో నిషేధాజ్ఞలు పెట్టారు. ఏం జరగబోతోందో ఊరికి తెలుసు, స్టేషన్‌కూ తెలుసు. అయితే పనికి పిలవకపోవడంలో ఫొటో లేదు, రక్తం లేదు. అలాంటి నెల సాధారణంగా వార్త కాదు. ఆపడానికి వీలున్నది మాత్రం ఆ నెలలోనే.

తెగులు వార్తలా రాస్తే

వార్త ఇలా ఎందుకు నడుస్తుందో 1965లోనే వివరించినవారు ఉన్నారు. నార్వేకు చెందిన యొహాన్ గాల్టుంగ్, మారి రూగె కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల వార్తలను నార్వే పత్రికల్లో పరిశీలించారు. హఠాత్తుగా జరిగేది, చెడుగా ముగిసేది, పత్రిక అచ్చయ్యే వేళలతో సరిపోయేది తొందరగా వార్త అవుతుందని వారు తేల్చారు. చంపడానికి ఒక పూట చాలు, అది మర్నాటి పేపర్లో ఇమిడిపోతుంది. రాజీకి ఏళ్లు పడతాయి, అది ఏ ఒక్కరోజు పేపర్లోనూ ఇమడదు.

గాల్టుంగ్ ఆ తర్వాత ‘శాంతి పాత్రికేయం’ అనే మాటను ముందుకు తెచ్చారు. ఆయన పోలిక సులువుగా అర్థమవుతుంది. యుద్ధం గురించి రాసేవారు ఆటల పేజీలా రాస్తారు, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారని. జబ్బుల గురించి రాసేటప్పుడు మాత్రం జబ్బు ఎలా వస్తుంది, ఎలా నయమవుతుంది, రాకుండా ఏం చేయాలి అన్నవి కూడా రాస్తారు. గొడవల గురించి అలా ఎందుకు రాయకూడదన్నది ఆయన ప్రశ్న.

మిర్చి రైతులకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు పేపర్లు నష్టం ఎంతో రాసి ఊరుకోలేదు. పురుగు పూతలో ఎలా దాక్కుంటుంది, ఏ మందు పనిచేయడం లేదు, శాస్త్రవేత్తలు ఏమంటున్నారు అన్నవన్నీ రోజుల తరబడి వచ్చాయి. ఊళ్ల మధ్య గొడవ వచ్చినప్పుడు మాత్రం అదే పేజీ ‘ఢీ అంటే ఢీ’, ‘దెబ్బకు దెబ్బ’, ‘పైచేయి’ అనే మాటలకు మారిపోతుంది. పురుగు దగ్గర చూపిన ఓపిక మనుషుల తగాదాలో కనిపించదు.

రాత్రి డెస్కు దగ్గర

దీన్ని విలేకరుల దుర్బుద్ధి అనుకోవడం తేలిక, కానీ సరికాదు. పని జరిగే తీరులోనే చిక్కుంది. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక తెలుగులో వార్త మండలం దాకా, ఊరి దాకా వెళ్లింది. అది గొప్ప మార్పు. అంతకుముందు పేపరెక్కని ఊళ్లు పేపరెక్కాయి. ఆ వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో ఎక్కువమందికి జీతం ఉండదు, అచ్చయిన లైన్లను బట్టి కొద్దిగా డబ్బులు. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ తెచ్చే బాధ్యత కూడా వారిదే. పొద్దున యాడ్ అడిగిన నాయకుడి మీద సాయంత్రం వార్త రాయడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? పైగా విలేకరి ఉండేది అదే ఊళ్లో, అదే వీధిలో.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక ఊళ్లో రాత్రి ఎవరో ఫ్లెక్సీ చించారు. గంటలో పదిమంది కర్రలు పట్టుకుని ఇంకో వీధికి వెళ్లి, గుమ్మంలో అన్నం తింటున్న ఇద్దరిని కొట్టారు. ఆస్పత్రికి చేరిన ఆ ఇద్దరి మీద మర్నాడు పొద్దునకల్లా కౌంటర్ కేసు పడింది, రాజీకి దారి తీసేది అదే మరి. విలేకరి ఎస్సైకి ఫోన్ చేస్తే ‘ఇరువర్గాల మీదా కేసులు కట్టాం’ అన్నారు. ఎడిషన్ టైమ్ దగ్గర పడింది. డెస్కు పెట్టిన హెడ్డింగ్: ‘ఫ్లెక్సీ వివాదం.. ఇరువర్గాల ఘర్షణ’.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా కొట్టినవారు, దెబ్బలు తిన్నవారు ఒక్క మాటలో సమానమైపోయారు. దెబ్బలు తిన్న వీధికి పేపరు మీద నమ్మకం పోతుంది, కొట్టిన వీధికి ధైర్యం వస్తుంది. ‘ఇంటి ముందు భోజనం చేస్తున్న ఇద్దరిపై దాడి, ఫ్లెక్సీ చించారన్న అనుమానమే కారణం’ అని రాయడానికి పట్టే చోటు కూడా దాదాపు అంతే. దానికి కావలసింది ఎస్సైకి చేసిన ఫోన్ తర్వాత ఆస్పత్రికి ఇంకో ఫోన్.

తెలుగులో ఇంకో చిక్కుంది, ఇంగ్లిష్ పేపర్లకు లేనిది. మన క్రియాపదంలోనే మర్యాద ఉంటుంది. నాయకుడు ‘అన్నారు’, కూలీ ‘అన్నాడు’. ఒకే కేసులో లారీ క్లీనర్ ‘పరారయ్యాడు’, పలుకుబడి ఉన్నవాడి కొడుకు ‘అందుబాటులో లేరు’. ఒకరు ‘పట్టుబడ్డాడు’, ఇంకొకరు ‘లొంగిపోయారు’. ఎవరికి రాజకీయ బలం ఉందో చదువరికి క్రియాపదమే చెప్పేస్తుంది. నిందితులందరికీ, బాధితులందరికీ ఒకే క్రియ వాడాలన్న నియమాన్ని ఒక డెస్కు పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు. ఇప్పటిదాకా అది అందరి అలవాటూ కాకపోవడం బాధాకరం.

పేరు చెప్పాలా, వద్దా?

మతకల్లోలాలు, కుల ఘర్షణల వార్తల్లో సంయమనం పాటించాలని, రెచ్చగొట్టే హెడ్డింగులు వద్దని ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతాయి. ‘ఓ సామాజిక వర్గం’ అనే మాట ఆ సంయమనంలోంచే మన పేపర్లలో స్థిరపడింది. దాని వెనక ఉన్న భయానికి విజయవాడ చూసిన చరిత్రే సాక్ష్యం. 1988 డిసెంబర్ 26న, నిరాహారదీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను విజయవాడలో హత్య చేశారు. నగరం తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు, మంటలు కోస్తా జిల్లాలకు పాకాయి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అప్పట్లో ప్రైవేటు చానెళ్లు లేవు, సెల్‌ఫోన్లు లేవు. రేడియో వార్తలకూ మర్నాటి పేపరుకూ మధ్య ఉన్న ఖాళీని పుకారు నింపింది.

ముప్పై మూడేళ్లు దాటాక, 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద ఆందోళన జరిగి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అప్పుడు సమాచారానికి కొరత లేదు. వాట్సాప్‌లో పొంగిపొర్లింది. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. పుకారుతో పాటు, ఆ పుకారు అబద్ధమని చెప్పే వార్త కూడా ఆగిపోయింది. ఒకప్పుడు వార్త చేరక పుకారు గెలిచింది. ఇప్పుడు పుకారుకు భయపడి వార్తకే తాళం వేయాల్సి వస్తోంది. రెండు చోట్లా లోటు ఒకటే, మొదటి రెండు మూడు గంటల్లో అందరూ నమ్మగలిగే ఒక గొంతు.

పేరు చెప్పకపోవడానికి కూడా హద్దు ఉండాలి. రెండు గుంపులు రోడ్డు మీద రాళ్లు రువ్వుకుంటున్న ఆ రాత్రి కులాల పేర్లు రాయకపోవడం ప్రాణాలు కాపాడవచ్చు. చుండూరు లాంటి చోట రాయకపోతే జరిగిన నేరమే కనిపించదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు కట్టాలంటేనే కులం చెప్పాలి. ‘ఓ సామాజిక వర్గం వారిపై మరో సామాజిక వర్గం’ అని రాసే వాక్యం అక్కడ శాంతిని కాపాడదు. నిందితులకు ముసుగు అవుతుంది.

రువాండా, బురుండీ, కెన్యా

రువాండాలో 1994లో దాదాపు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందిని చంపారు. ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీ తెగవారిని బొద్దింకలని పిలిచింది, ఎవరు ఎక్కడ దాక్కున్నారో పేర్లతో సహా చెప్పింది. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరికీ, ఒక పత్రిక సంపాదకుడికీ శిక్షలు వేసింది. మాట కూడా ఆయుధమేనని కోర్టు తేల్చిన సందర్భం అది.

పక్కనే ఉన్న బురుండీలోనూ అవే తెగలు, అవే పగలు. అక్కడ 1995లో స్టూడియో ఇజాంబో మొదలైంది. హుటు, టుట్సీ విలేకరులు కలిసి పనిచేశారు. ఒకరు వెళ్లలేని పేటకు రెండోవారు వెళ్లేవారు, వార్త మాత్రం ఇద్దరిదీ. మన దగ్గర గొడవ జరిగిన ఊరికి చెరొక వీధితో సంబంధం ఉన్న ఇద్దరిని కలిపి పంపడం ఏ ఎడిషన్‌కైనా సాధ్యమే.

కెన్యా అనుభవం వేరే హెచ్చరిక చేస్తుంది. 2007 చివర్లో ఎన్నికల తర్వాత వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2008 జనవరి 3న అక్కడి పత్రికలన్నీ ‘మన ప్రియమైన దేశాన్ని కాపాడుకుందాం’ అనే అర్థం వచ్చే ఒకే హెడ్డింగ్‌తో వచ్చాయి. ఆ చొరవను చాలామంది మెచ్చుకున్నారు. ఆ భయంతోనే 2013 ఎన్నికల్లో మాత్రం మీడియా అడగాల్సిన ప్రశ్నలు కూడా అడగకుండా మౌనంగా ఉండిపోయిందన్న విమర్శ వచ్చింది. ప్రశ్న మానేసి తెచ్చే ప్రశాంతత తగాదాను తీర్చదు, వచ్చే ఎన్నికలకు వాయిదా వేస్తుంది.

మధ్యవర్తి కుర్చీలో సంపాదకుడు

గుంటూరు దగ్గరి పొత్తూరులో పుట్టి, ఆంధ్రప్రభ, ఉదయం పత్రికలకు సంపాదకుడిగా పనిచేసిన పొత్తూరి వెంకటేశ్వరరావు ఇంకో దారి చూపారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదికలో ఆయన సభ్యుడు. నక్సలైట్లు, పోలీసుల మధ్య నలిగిపోతున్న ఊళ్ల మాట వినిపించే మూడో గొంతుగా ఆ వేదిక నిలిచింది. ఏడేళ్ల ప్రయత్నం తర్వాత 2004 అక్టోబర్‌లో ప్రభుత్వం, నక్సలైట్ల ప్రతినిధులు హైదరాబాద్‌లో ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. 2005 జనవరికల్లా ఆ చర్చలు తెగిపోయాయి, కాల్పులు మళ్లీ మొదలయ్యాయి.

చర్చలు విఫలమైన మాట వాస్తవం. కాల్పులు ఆగిన ఆ కొన్ని నెలల్లో బతికి బయటపడ్డవారి లెక్క ఏ రికార్డులోనూ ఉండదు గానీ, ఆ నెలలు ఊరికే రాలేదు. అయితే ప్రతి విలేకరీ మధ్యవర్తి కానక్కర్లేదు, కాకూడదు కూడా. పొత్తూరి ఆ పని చేసింది సంపాదకుడిగా కాదు, పౌరుడిగా. విలేకరి బల్ల దగ్గర కూర్చుంటే బల్ల మీద జరిగినదాన్ని నిష్పక్షపాతంగా రాసేవారు ఉండరు.

గొడవ తర్వాతి నెల

ఈ పరిస్థితి మున్ముందు ఇంకా కష్టం కావచ్చు. ప్రెస్ కౌన్సిల్ పత్రికలను మందలించగలదు, అంతకుమించి శిక్షించలేదు. టీవీ దాని పరిధిలోనే లేదు. ఏ చానెల్ ఏ పార్టీదో తెలుగునాట చిన్నపిల్లలూ చెబుతారు. అందువల్ల నిజం చెప్పిన చానెల్‌ను కూడా అవతలి పక్షం నమ్మదు. పాత వీడియోను కొత్తదిగా పంపడానికి ఒక్క నిమిషం చాలు, అది ఎక్కడిదో తేల్చడానికి ఒక పూట పడుతుంది.

మంట ఆరగానే ఊరిని మరిచిపోవడం పల్నాడులో స్పష్టంగా కనిపిస్తోంది. 2019 సెప్టెంబర్‌లో, తమ కార్యకర్తల కుటుంబాలను ఊళ్ల నుంచి తరిమేశారంటూ తెలుగుదేశం గుంటూరులో శిబిరం పెట్టి ‘చలో ఆత్మకూరు’కు పిలుపునిచ్చింది. 2024 మే 13న పోలింగ్ రోజు మాచర్ల ప్రాంతంలో హింస జరిగింది. జిల్లా కలెక్టర్‌ను ఎన్నికల సంఘం బదిలీ చేసింది, ఎస్పీని సస్పెండ్ చేసింది. ప్రభుత్వం మారాక ఊళ్లు వదలాల్సి వచ్చింది తమవారేనని వైసీపీ ఆరోపించింది. జెండాలు మారాయి, ఊరు విడిచి వెళ్లడం మాత్రం మారలేదు.

శిబిరం పెట్టిన రోజు కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. శిబిరం ఎత్తేశాక ఆ కుటుంబాలు ఇంటికి చేరాయా, పొలం ఎవరు దున్నారు, మిర్చి కోతకు వారిని మళ్లీ పిలిచారా, రేషన్ ఏ ఊళ్లో తీసుకుంటున్నారు అన్నవి కనుక్కోవడానికి ఒక విలేకరికి ఒక పూట, ఒక బైకు చాలు. బడిలో హాజరు పట్టీ చూస్తే ఇంకా తొందరగా తెలుస్తుంది. గొడవ రోజు నుంచి గైర్హాజరు పడుతున్న పిల్లల పేర్ల పక్కన మళ్లీ హాజరు ఎప్పుడు పడిందో ఆ ఊరి పేరుతో, తేదీతో నాలుగు లైన్లు జిల్లా పేజీలో వేయడానికి సాగర్ నీటిమట్టం బాక్సు పక్కన చోటుంది.